కారే కారు

తెలుగులో "కారు" అనే రెండక్షరాల మాట చాలా బరువు మోస్తుంది. కారుమబ్బులో కారు నలుపు. వానకారులో కారు కాలం. కుండ కారుతోందన్నా, చూరు కారుతోందన్నా అది క్రియ. ఇవి చాలవన్నట్టు నాలుగు చక్రాల మీద మరొక కారు సముద్రం దాటి వచ్చి మన నిఘంటువులో చోటు చేసుకుంది. ఈ నాలుగూ ఒక్క వాక్యంలో ఇమిడే సందర్భం వుంటుందని చదువు చెప్పే రోజుల్లో నేనెప్పుడూ అనుకోలేదు. వానకారులో, కారుమబ్బు కింద, కారే కారు! అటువంటిదొకటి అమెరికాలో వుంది. దాన్ని గురించే ఈ వారం ముచ్చట.

అది మామూలు కారు కాదు. మోటారు ఇల్లు. చూడటానికి బస్సంత వుంటుంది. ముందు డ్రైవరు సీటు, దాని వెనక సోఫా, వంటగట్టు, ఫ్రిజ్జి, స్నానాలగది, చివర పడకగది. సెలవులొస్తే ఇంటిల్లిపాదీ అందులో ఎక్కి కూచుని, ఆవకాయ జాడీతో సహా, హోటలు మొహం చూడకుండా వెయ్యి మైళ్ళు తిరిగి రావచ్చు. మన పూర్వులు గూడుబండి కట్టుకుని తీర్థాలకు పోయేవారే, అదే ఊహ. ఎద్దులు మాత్రం లేవు.

గూడుబండికి లేని చిక్కు ఒకటి దీనికి వుంది. ఆ దేశపు రోడ్ల మీద బండి వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు మించకూడదు. ఎనిమిదిన్నర అడుగుల వసారాలో సోఫా వేసి, ఎదురుగా వంటగట్టు పెడితే మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి నడవాలి. దీనికి అక్కడి వాళ్ళొక ఉపాయం కనిపెట్టారు. గోడలో పెద్ద కంత కోసి, ఆ కంతలో ఒక గదిని అగ్గిపెట్టెలో లోపలి పెట్టెలాగా అమర్చారు. బండి నడిచేటప్పుడు గది లోపల వుంటుంది. దిగిన చోట మీట నొక్కితే, మోటారు తిరిగి, సోఫా, బల్లా, కిటికీ అన్నిటితో సహా ఆ గది రెండు మూడడుగులు బయటికి జరుగుతుంది. వాళ్ళు దాన్ని స్లైడ్‌అవుట్ అంటారు. మనం సొరుగుగది అనుకుందాం. 1990ల నుంచి ఇది మోటారు ఇళ్ళల్లో విరివిగా వచ్చింది.

సొరుగు జరగాలంటే చుట్టూ సందు వుండాలి. సందు వుంటే వాన ఊరుకోదు. వ్యాకరణం చదివిన వాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు. సంధి జరగని చోట ఆగమం వస్తుంది. మన పుస్తకాల్లో అది యడాగమం, మోటారు ఇంట్లో అది జలాగమం.

ఈ జలాగమాన్ని నేను కళ్ళారా చూసింది 2023 జూన్‌లో. మా బావమరిది డల్లాస్ దగ్గర కాపురం. 2009లో తయారైన ముప్పయి నాలుగడుగుల మోటారు ఇంటినొకదాన్ని సెకండుహాండులో కొన్నాడు. సరదాకి కొన్నాడనుకోకండి. మా మామగారికి డెబ్బయ్యారేళ్ళు, అత్తగారికి మోకాళ్ళ నెప్పులు. ఇద్దరూ ఆరు నెలలు వుండిపోదామని కొడుకు దగ్గరకు వచ్చారు. హోటళ్ళలో మెట్లెక్కలేరు, బయటి తిండి సయించదు. వాళ్ళకి నాలుగు ఊళ్ళు చూపించాలంటే ఇల్లే కదలాలి. సొరుగుగదిలో పధ్నాలుగడుగుల సందులో సోఫాని మంచంలా పరిచి, అదే వాళ్ళ పడక అని ఏర్పాటు చేశాడు. వేసవి సెలవులకు వెళ్ళిన మేమూ ఆ బండి ఎక్కాం.

అర్కాన్సా రాష్ట్రంలో హాట్ స్ప్రింగ్స్ అని వేడినీటి బుగ్గల ఊరు. అక్కడ చెట్లకింద బండి నిలిపి, గది బయటికి జరిపి పడుకున్నాం. రాత్రంతా వాన. తెల్లారి అత్తగారు కాళ్ళు కింద పెట్టి, "అల్లుడుగారూ, ఫ్రిజ్జి ఏమన్నా కారుతోందేమో చూడండి, తివాచీ చెమ్మగా వుంది" అన్నారు. ఫ్రిజ్జి కారటం లేదు. మామగారు వచ్చి తివాచీ అంచు ఎత్తి, మడమతో నొక్కారు. నేల మెత్తగా లోపలికి దిగింది. ఆయన ఏమీ అనలేదు గాని, ఆ పూట అత్తగారిని అటువైపు నడవనివ్వలేదు.

డల్లాస్ తిరిగి వచ్చాక మా వాడు బండిని ఒక మరమ్మతు షాపుకి చూపించాడు. సీళ్ళన్నీ మార్చాలి, నేల విప్పాలి, ఆరు వారాలు, ఆరు వేల అయిదు వందల డాలర్లు అన్నారు. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో వాళ్ళు చూడలేదు. మా వాడు ఆ రాత్రి లెక్కలు వేసుకుని, "అమ్మేద్దాం బావా. టెక్సాస్ ఎండల్లో ఎవరొచ్చి చూసినా తడి కనపడదు. ఒక తెలుగాయన అడుగుతున్నాడు కూడా" అన్నాడు.

మామగారు పక్కగదిలోంచి విన్నారు. "ఒరేయ్, నువ్వు అమ్మితే కారటం ఆగుతుందిట్రా? కొన్నవాడి నెత్తిన కారుతుంది. వాడింట్లోనూ ఒక ముసలమ్మ వుంటుంది" అన్నారు.

తరవాత ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన పంచె ఎగగట్టి బండి దగ్గరకు వెళ్ళారు.

ఆయన ఎవరో చెప్పాలి. ధవళేశ్వరం బ్యారేజీలో 175 గేట్లున్నాయి. ఆ గేట్ల మీద ముప్పయ్యేళ్ళు వర్కు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి. గేటుకీ స్తంభానికీ మధ్య సందుని మూసేది కూడా రబ్బరు సీలే. గోదావరి వరదని ఆపిన రబ్బరుకీ, ఈ సొరుగుగది రబ్బరుకీ సూత్రం ఒకటేనని ఆయన ధైర్యం. ఆయన చెప్పిన మాట నేను కాగితం మీద రాసుకున్నాను: "ఒత్తిడి వుంటే రబ్బరు, లేకపోతే రిబ్బను."

ఆ మాటకి అర్థం తెలియాలంటే సీలు ఎలా పనిచేస్తుందో చూడాలి. సొరుగుగది చుట్టూ రెండు రకాల రబ్బరుంటుంది. ఒకటి గొట్టంలా బోలుగా, ఉబ్బుగా వుంటుంది. గది పూర్తిగా బయటికి జరిగినప్పుడు గదికి లోపలివైపున్న అంచు వచ్చి గోడకు ఆనుతుంది. పూర్తిగా లోపలికి వచ్చినప్పుడు బయటి అంచు వచ్చి ఆనుతుంది. రెండు చోట్లా ఈ బోలు రబ్బరు నలిగి సందు మూస్తుంది. నలగకపోతే మూసినట్టు కాదు. రెండోది పలచని పెదవిలాంటి రబ్బరు. గది కదిలేటప్పుడు దాని కప్పు మీదా పక్కలా నీటిని తుడుస్తూ వుంటుంది. ఈ పెదవి గది కదిలినవైపుకి ఒరగాలి. ఎక్కడైనా లోపలికి మడతపడితే అక్కడ నీటికి మనమే వాకిలి తీసినట్టు. గదిని ఒక అంగుళం వెనక్కి జరిపి మళ్ళీ ముందుకి తెస్తే చాలాసార్లు ఆ మడత తీరుతుంది. ఇంతకంటే చవక మరమ్మతు ఇంకొకటి లేదు.

బోలు రబ్బరు నలుగుతోందో లేదో తెలుసుకోటానికి మామగారు కాగితం ముక్కలు అడిగారు. నా సంచీలో కాగితాలకు కొదవా? గోడకీ అంచుకీ మధ్య అడుగడుగునా ఒక ముక్క పెట్టి గది జరిపించారు. తరవాత ఒక్కొక్కటే లాగారు. బిగిసి, చిరిగేటట్టు వస్తే అక్కడ సీలు బాగున్నట్టు. దోసెలా సులువుగా జారి వస్తే అక్కడ ఒత్తిడి లేనట్టు. మూడు వైపులా కాగితాలు మొరాయించాయి. వెనక పై మూల దగ్గర మూడు ముక్కలు అడక్కుండానే చేతిలోకి వచ్చాయి.

అంతటితో తీర్పు చెప్పలేదాయన. నీళ్ళ పరీక్ష పెట్టారు. ఈ పరీక్ష పద్ధతి తెలిసిన వాళ్ళు తక్కువ. లోపల ఒకరు టార్చిలైటుతో కూచోవాలి, బయట ఒకరు నీళ్ళ గొట్టంతో నిలబడాలి. ధార మెత్తగా, వానలాగా వుండాలి. కార్లు కడిగే యంత్రంతో కొడితే మంచి సీలులోనుంచి కూడా నీళ్ళు దూరతాయి, అది పరీక్ష కాదు, దౌర్జన్యం. ముఖ్యమైన సంగతి, కిందినుంచి మొదలుపెట్టాలి. పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి, దోషి ఎవరో తెలీదు. కింద పదినిమిషాలు, పక్కల పదినిమిషాలు, ఆ తరవాత మూలలు, అందరికంటే చివర కప్పు. ఒక్కొక్క చోటే నిలిచి పొయ్యాలి.

గొట్టం నాకిచ్చి ఆయన లోపల కూచున్నారు. కింద పొడి. పక్కల పొడి. వెనక పై మూలకి వచ్చి మూడు నిమిషాలు కాకముందే లోపల్నించి "ఆపండి, ఆపండి" అని కేక.

చూడబోతే సంగతిది. ఆ మూలలో నిలువు రబ్బరూ అడ్డు రబ్బరూ కలిసే అతుకు దగ్గర, పధ్నాలుగేళ్ళ ఎండకి రబ్బరు కుంచించుకుపోయి అర అంగుళం ఎడం వచ్చింది. అక్కడ దూరిన నీళ్ళు చెక్క చట్రం వెనక నిలువునా దిగి, నేల అంచు పట్టుకుని పన్నెండడుగులు ముందుకి నడిచి, అత్తగారి కాళ్ళ దగ్గర బయటపడ్డాయి. బండి ముందువైపు పల్లంగా నిలిచింది గనక అటు నడిచాయి. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని మనవాళ్ళు వూరికే అనలేదు. కారుతున్న చోటుకీ, తడి కనపడిన చోటుకీ చుట్టరికం వుండనక్కర్లేదు. షాపువాళ్ళు విప్పుతామన్నది తడి కనపడిన ముందువైపు!

ఇంకా రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, హాట్ స్ప్రింగ్స్‌లో బండి అవతలి పక్కకి ఒరిగి నిలిచింది. దాంతో సొరుగుగది కప్పు లోపలివైపుకి వాలి, వాననీరంతా బయటికి జారకుండా పెదవి రబ్బరు మీదకే వచ్చి మడుగు కట్టింది. అటువంటి బండి నిలిపేటప్పుడు గది వున్న వైపు వెంట్రుకవాసి పల్లంగా వుండేటట్టు చూసుకోవాలి. మరీ పల్లమైతే ఫ్రిజ్జి సరిగా పనిచెయ్యదు.

రెండోది మామగారికి కోపం తెప్పించింది. మా వాడికంటే ముందు ఆ బండి ఎవరిదో గాని, ఆ మహానుభావుడు తడి చూసి, గది కింది అంచు పొడుగునా సిలికోన్ జిగురు పిండి పూసేశాడు. పైన దూరిన నీళ్ళు కిందనుంచి బయటికి పోయే సందు వుండేది. దాన్ని మూసేశాడు. దాంతో నీళ్ళకు వచ్చే దారి వుంది, పోయే దారి లేదు. అవి చెక్కలో నిలిచి నానబెట్టాయి. "ఆనకట్టకి కూడా నీరు వదిలే తూములుంటాయండీ. మొత్తం మూసేసేవాణ్ణి ఇంజనీరు అనరు, ముంచేవాడు అంటారు" అన్నారాయన.

ఇక మరమ్మతు. మొదట పాత సిలికోన్ని ప్లాస్టిక్ బిళ్ళతో గీకి తీశాం. కత్తి వాడితే గోడ రంగు లేస్తుంది. ఇది ఓపికతో చెయ్యాల్సిన పని, ఎందుకంటే సిలికోన్ పొర మిగిలిన చోట మరే జిగురూ అతుక్కోదు, కొత్త సిలికోన్ కూడా సరిగా పట్టదు. తరవాత రబ్బరు సీళ్ళన్నీ సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాం. నలిగి పలచబడిన పై సీలుని, వెనకవైపు నిలువు సీలుని మాత్రం మార్చాం. పాత ముక్క అడుగు పొడుగున కోసి, దాని అడ్డుకోత ఆకారం చూపించి అదే రకం తెప్పించాడు మా వాడు. ఆకారంలో కొంచెం తేడా వచ్చినా నలగవలసిన చోట నలగదు.

కొత్త సీలు బిగించేటప్పుడు అందరూ చెయ్యబోయే పని, లాగి బిగించటం. చూడ్డానికి తీగలా చక్కగా వుంటుంది. నెల తిరిగేసరికి రబ్బరు తన అసలు పొడుగుకి తగ్గి, మూలలో మళ్ళీ ఎడం వస్తుంది. లాగకుండా, కొద్దిగా మిగులుండేటట్టు తోస్తూ కూర్చాలి. మూల దగ్గర రెండు ముక్కల్నీ ఏటవాలుగా కోసి, ఒకదానికొకటి వత్తుకునేటట్టు చేర్చి, ఆ రబ్బరుకి సరిపడే జిగురుతో అతకాలి. కింద మాత్రం ఏమీ పుయ్యలేదు. పోయే దారి పోయే దారిగానే వదిలేశాం.

అన్ని బండ్లలోనూ సీలే దోషి అనుకోకూడదు. కప్పు అంచున పట్టీ కింద జిగురు ఎండిపోయి, మరమేకుల కన్నాల్లోంచి, లేదా పైనున్న చిన్న దీపాల చుట్టూ నుంచి నీళ్ళు దూరి, గోడలోపల దిగి సొరుగుగది పక్కన తేలటం కద్దు. అప్పుడు పట్టీ విప్పి, పాత జిగురు తీసి, బ్యూటైల్ టేపు వేసి మళ్ళీ బిగించాలి. నీళ్ళ పరీక్ష చేస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. చెయ్యకపోతే సీళ్ళు మార్చి, డబ్బు పోయి, తడి మిగులుతుంది.

నేల సంగతి వేరే చెప్పాలి. కారటం ఆగింది గదా అని వెంటనే పైన తివాచీ పరిస్తే, కింద చెక్క చీకట్లో కుళ్ళుతూనే వుంటుంది. తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది. చెక్కలో తేమ ఇరవై శాతం పైన నిలిచిపోతే బూజుకి, కుళ్ళుకి ఆహ్వానమే. మాకు మొదటిరోజు ఇరవై ఎనిమిది చూపించింది. ఫ్యాను, తేమ పీల్చే యంత్రం పెట్టి పదిరోజులు ఆగితే పదమూడుకి దిగింది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూసి, దిగబడిన మేరకు రెండడుగుల ముక్క కోసి తీసి, అంచులకు నీరు పట్టని పూత పూసిన ప్లైవుడ్డు వేశాం. రెండు శని ఆదివారాలు, మూడు వందల పది డాలర్లు. మళ్ళీ ఇరవై నిమిషాలు నీళ్ళు పోశాం. కాగితం ముక్కలు పొడిగా వచ్చాయి. అత్తగారు ఆ మూల నిలబడి రెండుసార్లు మడమతో తొక్కి చూసి, "ఇప్పుడు నేలలా వుంది" అన్నారు.

రబ్బరుకి పాలన కూడా వుంది. ఇటువంటి సీళ్ళు చాలావరకు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరువి. ఎండావానలకు ఓర్చుకుంటాయి గాని, పెట్రోలు జాతి నూనెలకీ గ్రీజుకీ ఓర్చుకోవు. తగిలితే ఉబ్బి, మెత్తబడి, ఆకారం పోతుంది. కిర్రుమంటోంది గదా అని గ్రీజు రాయటం మందు అనుకుని విషం పెట్టటం. దానికోసమే అమ్మే పూత ఏడాదికి రెండు మూడుసార్లు రాస్తే చాలు. గది లోపలికి జరిపేముందు నిచ్చెనెక్కి కప్పు మీది ఆకులూ పుల్లలూ తుడవాలి. లేకపోతే వాటిని గదే లోపలికి ఈడ్చుకొచ్చి, పెదవి రబ్బరు కింద ఇరికిస్తుంది. ఒక్క పుల్ల చాలు వాకిలి తీసి పెట్టటానికి.

అమ్మకం మాట ఏమైందంటారా? మా వాడు అమ్మలేదు. మామగారు మాత్రం ఊరుకోలేదు. ఎక్కడ కారింది, ఎందుకు కారింది, ఏ తారీకున ఏం మార్చాం, నేల ఎంత మేర కోశాం, అన్నీ ఒక కాగితం మీద రాయించి బండి పత్రాలతో కలిపి పెట్టించారు. "రేపు ఎప్పుడైనా అమ్మితే ముందు ఈ కాగితం ఇచ్చి, ఆ తరవాత తాళం ఇవ్వు" అన్నారు. మా వాడు, "ధర తగ్గుతుంది నాన్నగారూ" అన్నాడు. "తగ్గనీ" అన్నారాయన.

మోటారు ఇల్లు మనకెందుకు, ఇదంతా చెప్పటం దేనికని కొందరు పాఠకులు అనుకోవచ్చు. మన పాత పెంకుటిళ్ళు గుర్తు చేసుకోండి. పెంకు కింద పెంకు, దాని కింద పెంకు, రెండు వాలులు కలిసేచోట దోనె, చివర చూరు. అందులో జిగురు ఎక్కడుంది? నీటిని ఎవరూ ఆపలేదు, ఒకదాని మీంచి ఇంకొకదాని మీదికి సాగనంపారు. వానాకాలానికి ముందు పెంకు సర్దించటమంటే ఆ దారిని బాగుచెయ్యటమే.

ఇప్పుడు మనం కాపురముండే అపార్టుమెంట్లలో జరిగే కిటికీలు వున్నాయి గదా, అవీ చిన్న సొరుగుగదులే. కింద పట్టాలో బయటివైపుకి సన్నని చీలికలు వుంటాయి. పట్టాలో పడిన వాననీరు వాటిగుండా బయటికి పోవాలి. దుమ్ము, సిమెంటు, చీమలు తెచ్చిన మట్టి వాటిని మూసేస్తాయి. లేదా మనమే సిలికోన్ పిండి మూసేస్తాం. ఆ తరవాత తుఫాను రాత్రి గది గోడ తడిస్తే కట్టినవాణ్ణి తిట్టుకుంటాం. వానాకాలానికి ముందు ఒక ఆదివారం ఆ పట్టాలో గ్లాసెడు నీళ్ళు పోసి చూడండి. బయటికి పోతే సరే. లోపలే నిలిస్తే చీపురుపుల్లతో ఆ చీలికలు పొడిచి శుభ్రం చెయ్యండి.

నీటితో పంతం పట్టి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. దారి చూపించి సాగనంపిన మనిషిని ఒకర్ని చూశాను. ఆయన గోదావరి దగ్గర ఆ విద్య నేర్చుకున్నారు.